సొంతూళ్లో అద్దెగది

‘‘మన గుంటూరు పోయి లాడ్జిలో దిగటమేందిరా? నలుగురూ వింటే నవ్వుతారు!’’

హైదరాబాద్‌లో బ్యాగు సర్దుతుంటే అమ్మ అన్న మాట ఇది. నిజమే. చిలకలూరిపేట పక్కనున్న మా పల్లెలో మొన్నమొన్నటిదాకా మాకో పెంకుటిల్లు ఉండేది. గుంటూరులో పెద్దమ్మ వాళ్లిల్లు ఉండేది. ఇప్పుడు ఆ ఇల్లూ లేదు, పెద్దమ్మా లేదు. వాళ్ల పిల్లలు తలోదేశం వెళ్లిపోయారు. అమ్మకేమో డెబ్భై నాలుగేళ్లు, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. ‘ఒక్కసారి అమరావతి, కోటప్పకొండ చూపించరా’ అని రెండేళ్లుగా అడుగుతోంది. ఆ మోకాళ్లు సహకరించేది ఇంకెన్నాళ్లో తెలియదు. అందుకే ఫిబ్రవరి మొదటివారంలో మూడురోజులు సెలవు పెట్టి నేనూ మా ఆవిడా అమ్మని తీసుకుని బయల్దేరాం.

పుట్టిపెరిగిన ఊరే కదా, గది వెతకటం ఎంతసేపు అనుకున్నా. అక్కడే పప్పులో కాలేశా!

ఫొటోలో కిటికీ... గదిలో గోడ

రోజుకు పదిహేనొందల నుంచి రెండున్నర వేల దాకా పెట్టగలం అనుకున్నాం. ఫోన్లో చూస్తే స్టేషన్‌కి దగ్గర్లో, ఆ ధరలోనే ఓ గది కనిపించింది. తెల్లటి దుప్పటి, పెద్ద కిటికీ, పక్కన పూలకుండీ. వెంటనే డబ్బు కట్టేశా. శుక్రవారం రాత్రి పదకొండింటికి దిగి చూస్తే ఏముందీ... లిఫ్టు పాడై వారమైంది. మా గది మూడో అంతస్తులో. అమ్మ ఒక్కో మెట్టుమీదా ఆగి, గోడ పట్టుకుని, ‘ఏం పర్లేదురా’ అంటూ ఎక్కింది. ఫొటోలో ఉన్న కిటికీ గదిలో లేదు. రాత్రంతా బయట హారన్లు. తెల్లవారుజామున చూస్తే అమ్మ మంచమ్మీద కూర్చుని మోకాళ్లకు మందు రాసుకుంటోంది. ‘నిద్ర పట్టలేదామ్మా?’ అంటే, ‘కొత్త చోటు కదా’ అంది. తప్పు నాది. లిఫ్టు పనిచేస్తోందా అని ఒక్క ఫోను చేసి అడిగి ఉంటే సరిపోయేది.

పొద్దున్నే ఆడవాళ్లిద్దర్నీ టిఫిన్‌కి కూర్చోబెట్టి, నేనొక్కణ్నే ఆటో ఎక్కి ఊరంతా తిరిగా. ఆ రెండు గంటల్లో నేను నేర్చుకున్నదే మీకు చెబుతున్నా.

ఏ పేటలో దిగాలి?

గుంటూరులో ఒక్కో పేటదీ ఒక్కో కథ. రైల్వేస్టేషన్, బస్టాండు చుట్టుపక్కల లాడ్జీలు ఎక్కువ, అద్దె తక్కువ. రాత్రి దిగి పొద్దున్నే వెళ్లిపోయేవాళ్లకు అవి చాలు. ఇక్కడ చాలా లాడ్జీల్లో ఇప్పటికీ ఇరవైనాలుగు గంటల లెక్కే. రాత్రి పదకొండింటికి దిగితే మర్నాడు రాత్రి పదకొండు దాకా గది మీదే. పెద్ద హోటళ్లలో అలా కాదు, మధ్యాహ్నం పన్నెండుకల్లా ఖాళీ చేయమంటారు. దిగేముందు ఏ లెక్కో అడగటం మర్చిపోకండి. రాత్రి రైలుకి వచ్చేవాళ్లకి ఒక రోజు అద్దె తేడా!

కొత్తపేట అంటే డాక్టర్లు. పెద్దాసుపత్రి కూడా అటువైపే. పల్నాడు నుంచి, ప్రకాశం మెట్ట నుంచి రోగులు ఇక్కడికే వస్తారు. కాబట్టి ఇక్కడి లాడ్జీల్లో ఉండేది యాత్రికులు కాదు, రోగుల తాలూకు మనుషులు. ఫ్లాస్కులు, స్కానింగు కవర్లు, వరండాలో ఆరేసిన తువ్వాళ్లు... ఓ లాడ్జిలో గది చూపించి గుమస్తా మెల్లగా అన్నాడు: ‘‘సార్, మీరు ఊరు చూడ్డానికొచ్చారు కదా, బ్రాడీపేట వైపు చూసుకోండి. ఇవి ఆపరేషన్లకొచ్చిన వాళ్లకి ఆసరా.’’ బేరం పోతుందని తెలిసీ ఆ మాట అన్నందుకు ఆయనకో దణ్నం పెట్టి వచ్చేశా.

బ్రాడీపేట, అరండల్‌పేట... ఇంగ్లిషు దొరల కాలంలో వచ్చిన పేర్లివి. అడ్డంగా నిలువుగా గళ్లు గీసినట్టుంటాయి వీధులు. అందుకే అడ్రసు కూడా లెక్కల్లో చెబుతారు. ‘నాలుగో లైను, ఒకటో అడ్డరోడ్డు’ అంటే ఆటో అబ్బాయి మరోమాట అడగడు. పుస్తకాల షాపులు, టిఫిన్ సెంటర్లు, బట్టల దుకాణాలు అన్నీ కాలినడకన. మధ్యతరగతి జేబుకి సరిపడే హోటళ్లు కూడా ఇక్కడే ఎక్కువ. పెద్దవాళ్లతో వచ్చేవాళ్లకి నా ఓటు ఈ పేటలకే. ఒకే ఒక్క జాగ్రత్త... మెయిన్‌రోడ్డు వైపు గది వద్దు, లోపలి వైపు అడగండి.

ఇక లక్ష్మీపురం, విద్యానగర్, ఇన్నర్ రింగ్‌రోడ్డు వైపు కొత్త హోటళ్లు వచ్చాయి. గదులు విశాలం, కారు పెట్టుకోను చోటుంటుంది. అయితే ఇడ్లీ తినాలన్నా బండి తీయాల్సిందే. సొంత కారులో వచ్చేవాళ్లకి బాగుంటాయి.

మరో సంగతి. ఊరి రెండు భాగాల్ని కలిపే పాత శంకర్‌విలాస్ వంతెనను 2025లో మూసేసి కొత్తది కట్టే పని మొదలుపెట్టారు. ఆ పని పూర్తయ్యేదాకా అటునుంచి ఇటు రావాలంటే చుట్టూ తిరగాలి. కాబట్టి పొద్దున్నే ఏ రోడ్డున పడి వెళ్లాలో చూసుకుని ఆ వైపే గది తీసుకోవాలి. మేం వెళ్లాల్సింది అమరావతి రోడ్డు, నరసరావుపేట రోడ్డు. అందుకే బ్రాడీపేటలో దిగాం. రెండో అంతస్తు, లిఫ్టు ఉంది, కిటికీ నిజంగానే ఉంది! దాని బయట ఓ వేపచెట్టు. అద్దె రెండువేల లోపే. బిల్లులో జీఎస్టీ గమనించండి. రోజుకు 7,500 రూపాయల వరకూ ఉన్న గదికి 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమే. అంతకుముందు 12 శాతం ఉండేది.

రెండు అమరావతులు

ఫోన్లో ‘అమరావతి హోటళ్లు’ అని వెతికారా... చిక్కుల్లో పడతారు. చూపించేవాటిలో సగం విజయవాడలో, మంగళగిరిలో ఉంటాయి. అమరేశ్వరుడి గుడి ఉన్న అమరావతి వేరు, 2015లో శంకుస్థాపన జరిగిన రాజధాని ప్రాంతం వేరు. రెండూ కృష్ణ ఒడ్డునే ఉన్నా మధ్యలో బోలెడు దూరం. సచివాలయం, ఉండవల్లి గుహలు, మంగళగిరి పానకాలస్వామి చూడాలంటే మంగళగిరిలోనో విజయవాడలోనో దిగటం నయం. పాత అమరావతికైతే గుంటూరే దగ్గర, ముప్ఫై కిలోమీటర్ల పైచిలుకు. బస్సులు బాగా ఉన్నాయి. ఆ ఊళ్లో గదులు కొద్దే, గుంటూరులో ఉండి వెళ్లొస్తేనే సుఖం.

శనివారం మధ్యాహ్నం భోంచేసి అమరావతి బయల్దేరాం. దారిలో లాం ఫారం కనిపించగానే అమ్మ కారద్దం దించింది. ‘మీ నాన్న ఇక్కడికొచ్చి విత్తనాలు అడిగేవాడు’ అంది. మిరప రైతుకి లాం అంటే పుట్టింటి లెక్క. మార్కెట్లో ‘334’ అని పిలిచే రకం అసలు పేరు ఎల్‌సీఏ 334. లాం పరిశోధనా కేంద్రం ఇచ్చిన విత్తనమే అది.

అమరావతిలో మ్యూజియం శుక్రవారం సెలవు, గుర్తుపెట్టుకోండి. స్తూపం ఇప్పుడు గుండ్రటి దిబ్బలాగే మిగిలింది. సున్నపురాతి శిల్పాల్లో గొప్పవి చెన్నై మ్యూజియానికి, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికి ఎప్పుడో తరలిపోయాయి. ‘మన రాళ్లు కూడా ఊరొదిలి పోయినయ్యన్నమాట’ అంది అమ్మ. ధ్యానబుద్ధుడి విగ్రహం ఎత్తు 125 అడుగులు. సాయంత్రం ఎండ పడితే చూడటానికి రెండు కళ్లూ చాలవు. పంచారామాల్లో ఒకటైన అమరేశ్వరాలయంలో లింగం ఎంత పొడవంటే, పై అంతస్తు నుంచి అభిషేకం చేస్తారు. అమ్మ ఆ మెట్లు ఎక్కలేదు. కిందే నిలబడి దణ్నం పెట్టుకుంది. ‘కింద ఉన్నదీ ఆయనే కదా’ అని తనే సర్దిచెప్పుకుంది.

ప్రభలు కట్టే రోజులు

ఆదివారం కోటప్పకొండ. గుంటూరు నుంచి నరసరావుపేట మీదుగానూ వెళ్లొచ్చు, చిలకలూరిపేట మీదుగానూ వెళ్లొచ్చు. మేం రెండోదారి పట్టాం. ఎందుకో చెప్పక్కర్లేదుగా! మా పల్లె దారిలోనే.

రోడ్డుకి రెండువైపులా ఎర్రటి కళ్లాలు. ఎండుతున్న మిరపకాయల ఘాటుకి మా ఆవిడ తుమ్ముతూనే ఉంది. చేలల్లో చివరి పత్తి తీస్తున్నారు. మా ఇంటి ముందు కారు ఆపాం. పెంకులు లేవు, రెండంతస్తుల డాబా లేచింది. దిగుదామా అంటే అమ్మ వద్దంది. ‘వేపచెట్టు ఉంచారు, చాలు’ అంది. 1987లో తెల్లదోమ వచ్చి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి తుడిచిపెట్టుకుపోయింది. ఎంతోమంది రైతులు ప్రాణాలు తీసుకున్నారు. మా నాన్న బతికి బయటపడ్డాడు కానీ, ఆ అప్పు మాత్రం బతికే ఉంది. ఎకరం తర్వాత ఎకరం, చివరికి ఇల్లు... అలా తీరింది.

శివరాత్రి దగ్గరపడుతుండటంతో ఊళ్లలో ప్రభలకు వెదుళ్లు దింపుతున్నారు. తొంభై అడుగుల దాకా లేపే ప్రభలివి. కొండమీదికి ఘాట్‌రోడ్డు ఉంది కాబట్టి అమ్మకి ఇబ్బంది కాలేదు. త్రికోటేశ్వరుణ్ని తనివితీరా చూసింది. ఈ కొండమీద కాకి వాలదంటారు. మా ఆవిడ ఆకాశంకేసి చూస్తూ వెతికింది. నిజంగానే కనిపించలేదు! శివరాత్రి రోజుల్లో వచ్చేవాళ్లు మాత్రం గది ముందే చూసుకోవాలి.

సముద్రం కూడా చూడాలనుకుంటే గుంటూరులో ఉండి వెళ్లటం అలసట. సూర్యలంకకైతే బాపట్లలో, లేదా అక్కడే ఉన్న పర్యాటకశాఖ రిసార్టులో దిగండి. వాడరేవుకైతే చీరాల. రెండూ విజయవాడ-చెన్నై మెయిన్‌లైనులో ఉన్న స్టేషన్లే. శని, ఆదివారాల్లో హైదరాబాద్ జనం పోటెత్తుతారు, అద్దెలూ పెరుగుతాయి. వీలైతే మధ్యవారం వెళ్లండి. గుంటూరులో హోటళ్లకి మరో తాకిడి పెళ్లి ముహూర్తాలు. పంచాంగం చూశాకే ప్రయాణం పెట్టుకోండి!

బస్తాల మీద మూడు రాత్రులు

సోమవారం మధ్యాహ్నం రైలు. పొద్దున టిఫిన్ తింటూ అమ్మ మెల్లగా అడిగింది: ‘‘ఒరే, మిర్చియార్డు చూపిస్తావా? నేనెప్పుడూ చూళ్లేదు.’’

నలభై ఏళ్లు మిరప పండించిన ఇంటి ఇల్లాలు యార్డు చూడలేదు! కోయటం, ఎండబోయటం, తాలు ఏరటం... అన్నీ ఆమె చేసింది. బండెక్కి అమ్మకానికి వచ్చింది మాత్రం నాన్నే.

ఆసియాలోకెల్లా పెద్ద మిర్చి మార్కెట్ అని పేరు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా లారీల మీద లారీలు. లోపలికి వెళ్లామో లేదో ముక్కులు మండాయి, కళ్లు నీళ్లు పెట్టాయి. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని అమ్మ బస్తాల వరసల మధ్య నడిచింది. ఓచోట ఓ ముసలి రైతు తన బస్తాల మీదే తువ్వాలు పరుచుకుని కునుకు తీస్తున్నాడు. అమ్మ అక్కడ ఆగిపోయింది.

‘‘ధర రాకపోతే మీ నాన్న మూడేసి రాత్రులు ఇట్టాగే పడుకునేవాడు. లాడ్జిలో పడుకోరాదా అంటే, గదికి పెడితే నీకు చీరెట్టా తెచ్చేదీ అనేవాడు.’’

లాడ్జి అంటే అమ్మ ఎందుకంత ఇదవుతుందో అప్పుడు తెలిసింది నాకు. నలుగురూ నవ్వుతారని కాదు.

ఆ రైతు లేచి, ‘ఏమ్మా, ఎవరికోసం?’ అని అడిగాడు. ‘చూసిపోదామని వచ్చాం అన్నా. ఏ రకం?’ అంది అమ్మ. ‘తేజ’ అన్నాడాయన. అమ్మ రెండు కాయలు చేతిలోకి తీసుకుని విరిచి, వాసన చూసి, ‘బాగా ఎండినయ్. తొందరపడి ఇచ్చెయ్యమాక’ అంది. ఆయన నవ్వాడు.

హోటల్‌కి వచ్చి గది ఖాళీ చేస్తుంటే అమ్మ దుప్పట్లు మడతపెట్టింది. ‘వాళ్లు చూసుకుంటారమ్మా’ అన్నా వినలేదు. కింద కౌంటర్ దగ్గర కుర్రాడు ‘మామ్మగారూ, గది బాగుందా?’ అని అడిగితే, ‘బాగుంది నాయనా, గాలొస్తోంది’ అంది.

రైలెక్కాక మెల్లగా నా చెయ్యి తట్టింది. ‘‘మళ్లీ వస్తే ఆ కిటికీ ఉన్న గదే అడుగు. ముందే ఫోను చెయ్యి, లిఫ్టు సంగతి కనుక్కో.’’

మీరూ అంతే. ఫొటో చూసి మోసపోకండి. ఒక్క ఫోను చేయండి. లిఫ్టు ఉందా, కిటికీ ఉందా, వేణ్నీళ్లు ఎప్పుడొస్తాయి, లెక్క ఇరవైనాలుగు గంటలా, మధ్యాహ్నం పన్నెండా... ఈ నాలుగూ అడగండి. మీ పక్కన ఉన్నది ‘ఏం పర్లేదురా’ అనే మనిషైతే, రెండుసార్లు అడగండి.