తిరగని టైరుకూ వయసుంది

ఫీనిక్స్‌లో ఉంటున్న కొడుకు సెకండ్‌హ్యాండ్‌లో మోటార్‌హోమ్ కొన్నాడు. మంచాలు, వంటగది, బాత్‌రూమ్... చక్రాల మీద ఇల్లే! తెల్లారితే పిల్లలతో గ్రాండ్ కాన్యన్ ప్రయాణం. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరై, కొడుకు దగ్గరికొచ్చిన తండ్రి మాత్రం టార్చిలైటుతో బండి కిందికి దూరాడు.

'టైర్లు బాగానే ఉన్నాయి నాన్నా, గ్రిప్పు అరగనే లేదు.'

'గ్రిప్పు కాదురా, వయసు చూడు.'

టైరు మీద డీఓటీ అక్షరాల వరసలో చివరి నాలుగంకెలు 1113. అంటే 2013లో పదకొండో వారంలో తయారైంది. ఏడాదంతా ఎండలో నిలబడే బండికి టైరు అరగదు, ముసలిదవుతుంది. పక్కల్లో సన్నటి పగుళ్లు అందుకే. పదేళ్లు దాటితే గ్రిప్పున్నా మార్చేయమని చాలా టైర్ల కంపెనీలే చెబుతాయి. వెనక జంట టైర్లలో లోపలిది గాలి దిగినా పైకి తెలీదు, బరువంతా పక్కదాని మీదే పడుతుంది. అందుకే పొద్దున్నే, బండి కదలకముందే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూడాలి.

ఆరు టైర్ల ఖర్చుకు కొడుకు నిట్టూర్చాడు. ప్రయాణం వారం వాయిదా పడింది. మనవరాలు అలిగింది. బయల్దేరే రోజు తాతయ్య గాలి కొలిచే గేజి ఆమె చేతికే ఇచ్చాడు. దారి పొడవునా పొద్దుటి లెక్క ఆమెదే.