ఆ నాలుగు బోల్టులు

బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు ముందు నా కుడిచెయ్యి చూస్తారు. చిటికెన వేలు, ఉంగరం వేలు ఉండవు. కాసేపాగి ‘ఏమైంది బాబూ?’ అంటారు. ‘మిషన్లో పోయాయండీ’ అనేవాణ్ని. చాలా కాలం అదే చెప్పా. ‘పోయాయి’ అంటే సరిపోతుంది. ఎవరి వల్ల పోయాయో ఆ మాటలో ఉండదు.

2018 డిసెంబరు. మార్టూరు వైపు ఓ జిన్నింగ్ మిల్లు. అప్పుడు మాది ప్రకాశం జిల్లా, 2022లో బాపట్ల జిల్లాలోకి వెళ్లాం. ఐటీఐ ఫిట్టర్ చేశా, వయసు 25, జీతం 11 వేలు. జిన్నుల్లో దూది విడిపోయాక గింజలు కింద కాలవలో పడతాయి. అందులో బారుగా ఓ ఇనప మర తిరుగుతూ వాటిని బయటికి తోస్తుంటుంది. స్క్రూ కన్వేయర్ అంటాం. దాని మీద రేకు మూతలు. ఒక్కో మూతకి నాలుగు బోల్టులు.

మంచు కురిసే రోజుల్లో పొద్దున్నే తీసిన పత్తి తడిగా ఉంటుంది. తేమ 12 శాతం దాటితే సీసీఐ కొనదు. ఆ సరుకు తక్కువ రేటుకి మా బోటి మిల్లులకి వచ్చేది. తడి పత్తి సరిగ్గా ఆడదు. గింజలు ఉండకట్టి కన్వేయర్లో ఇరుక్కుంటాయి. షిఫ్టుకి ఐదారుసార్లు ఇదే గోల. ప్రతిసారీ బోల్టులు విప్పాలి, శుభ్రం చెయ్యాలి, మళ్లీ బిగించాలి. ఓ రాత్రి విసుగొచ్చి మూత తీసి గోడకి ఆనించా. బోల్టులు ఖాళీ హార్లిక్స్ సీసాలో వేశా.

తియ్యమని నాకెవరూ చెప్పలేదు. మళ్లీ పెట్టమనీ ఎవరూ అనలేదు. సూపర్‌వైజరు రోజూ అటే నడిచేవాడు. ‘పని స్పీడైందిరా’ అని మెచ్చుకున్నాడు కూడా.

పదకొండో రాత్రి, రెండు గంటలప్పుడు, మళ్లీ ఇరుక్కుంది. కన్వేయర్ ఆపాలంటే పైన జిన్నులన్నీ ఆపాలి. ఆపలేదు. గింజల్ని చేత్తో లాగబోయా. ఎవరో గట్టిగా గుంజినట్టయింది. నొప్పి తర్వాత తెలిసింది. పక్కన ఊడుస్తున్న అక్క చీపురు పారేసి పరిగెత్తి స్విచ్ ఆపింది.

గుంటూరు ఆసుపత్రికి మూడో రోజు ఆవిడే క్యారేజీ తెచ్చింది. పప్పు, గోంగూర. నాకు తినిపిస్తూ, ‘నువ్వు మూత తీసిన్నాడు నేనూ చూశా తమ్ముడూ. రోజూ దాని పక్కనే ఊడ్చా. కొంగు బిగించుకున్నానేగానీ నీకో మాట చెప్పలేదు’ అంది.

అప్పటిదాకా పోయింది నా చెయ్యేగా అనుకున్నా. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పదకొండు రాత్రులు ఆవిడ పాదాలు ఆ కాలవకి జానెడు దూరంలో ఉన్నాయి. మూత తీసేటప్పుడు ఆవిడ నాకు గుర్తే రాలేదు.

వారం తర్వాత మేనేజరు బత్తాయిలతో వచ్చాడు, చేతిలో కాగితం. ‘నా సొంత అజాగ్రత్త వల్ల జరిగింది. యాజమాన్యానికి సంబంధం లేదు. ఇకపై ఏమీ అడగను.’ ఆసుపత్రి బిల్లు కట్టారు, పైన 30 వేలిచ్చారు. మూత తీసింది నేనేగా, ఇంకేం అడుగుతాం? ఎడంచేత్తో సంతకం పెట్టా.

చాలా రోజులకి, లా చదివిన మా బావ ఆ సంగతి విని తల కొట్టుకున్నాడు. పత్తి జిన్నింగ్ సీజనల్ ఫ్యాక్టరీ కింద లెక్క కాబట్టి ఈఎస్‌ఐ వర్తించదట. అప్పట్లో 1923 నాటి పరిహార చట్టమే దిక్కు. రెండు వేళ్లు పోతే సంపాదించే శక్తిలో 20 శాతం పోయినట్టని దాన్లో పట్టికే ఉండేది. నా వయసుకీ, అప్పటి 8 వేల జీతం పరిమితికీ లెక్కేస్తే 2 లక్షల 8 వేలు దాటింది. పరిహారం వదులుకున్నానని రాసిచ్చినా ఆ కాగితం చెల్లదు. కానీ, రక్షణ కోసం పెట్టిందని తెలిసీ కార్మికుడు కావాలని తీసేస్తే యజమాని ఇవ్వనని వాదించొచ్చు. ఆ ‘సొంత అజాగ్రత్త’ ఎందుకు రాయించారో అప్పుడర్థమైంది. మరి మిషన్ తిరిగినంతసేపూ మూత ఉండేలా చూడాలని 1948 ఫ్యాక్టరీల చట్టం చెప్పింది ఎవరికి? పదకొండు రోజులు ఆ మూత గోడకే ఉందిగా, అందరి కళ్లముందూ!

దరఖాస్తుకి గడువు రెండేళ్లు. నాకివన్నీ తెలిసేసరికి మూడో ఏడు నడుస్తోంది.

కాగితంలో తప్పంతా నాదే. బస్సులో నేను చెప్పే మాటలో తప్పు ఎవరిదీ కాదు. రెంటిలోనూ నిజం లేదు. వాళ్ల వంతు వాళ్లు దులిపేసుకున్నారని నా వంతు నేనెలా దులుపుకోను?

ఇప్పుడు గుంటూరు దగ్గర వేరే మిల్లులో మెయింటెనెన్స్ చూస్తున్నా. కన్వేయర్ ముట్టుకోవాలంటే ముందు మెయిన్ ఆపి తాళం వేస్తా, చెవి నా జేబులో ఉంటుంది. కుర్రాళ్లకి నేనంటే చిరాకే. ‘తాళం అన్నాయ్’ అని పేరు కూడా పెట్టారు.

మొన్న జనవరిలో ఓ రాత్రి మళ్లీ తడి పత్తి. గేటు బయట లారీలు. కొత్తగా చేరిన కుర్రాడు కాలవ మీదకి వంగాడు. అరిచా. అన్నీ ఆపేశా. కాసేపటికి ఓనరు ఫోను: ‘ఎంతసేపయ్యా?’

‘మూత బిగించాక చెప్తానండీ.’

నలభై నిమిషాలు పట్టింది. తిట్లు కూడా బానే పడ్డాయి. బోల్టులు బిగిస్తూ ఆ కుర్రాడు అడిగాడు, ‘నీ వేళ్లు ఎట్టా పోయినయ్ అన్నాయ్?’

‘మూత నేనే తీశా’ అన్నా.

వాడేం మాట్లాడలేదు. నాలుగో బోల్టు బిగించి, స్పానర్ నా చేతికిచ్చాడు.