గండికోట: దేవుడు లేని గర్భగుడిలో

గండికోటకు పోయినోళ్ళంతా ముందు లోయ దగ్గరికే పోతారు. ప్రొద్దుటూరు హాస్టల్ పిల్లోళ్ళు, నేను కూడా జమ్మలమడుగు మీదుగా పోయి అక్కడే నిలబడినాం. కింద పెన్న. ఎర్రమల కొండను నిలువునా కోసుకుని పోయింది. ఆ గండి వల్లనే కోటకు ఆ పేరు. సెల్ఫీల సంగతి రాయను, మీకు తెలిసిందే.

నేను రాయాలనుకున్నది మాధవరాయ స్వామి గుడి గురించి. గోపురం దాటి, మండపం దాటి నేరుగా గర్భగుడి దాకా పోయినాం. విగ్రహం లేదు. పూజారి లేడు. గబ్బిలాల కంపు. ఒక పిల్లోడు అన్నాడు: "అన్నా, మా అవ్వ మా ఊరి గుడి మెట్టు కూడా ఎక్కలేదు. నేను ఈడ దేవుని గదిలో నిలబడినా." అందరం నవ్వినాం. తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

మీర్ జుమ్లా ఈ కోటను 1650లో పట్టుకున్నాడు. గుళ్ళలోని రాగి విగ్రహాలు కరిగించి ఫిరంగులు పోయించబోయినాడని, 1652లో ఇక్కడికొచ్చిన ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే రాసిపెట్టినాడు. ఈ ముక్క ఇప్పుడు ఎవురైనా గట్టిగా చెప్తారు. చెప్పనీ. అయితే ఆ విగ్రహాలు గుళ్ళో ఉన్నన్నాళ్ళు మాల మాదిగలు ఎంత దూరాన నిలబడాల్సి వచ్చిందో? ఆ లెక్క ఎవరూ తీయరు. కడప జిల్లా ఉన్న మద్రాసు రాష్ట్రంలో మనకు గుడి తలుపులు తెరిచిన చట్టం 1947లో వచ్చింది. అంటే మీర్ జుమ్లా వచ్చిపోయిన మూడు వందల ఏండ్లకు!

పక్కనే ధాన్యాగారం. ఎంత పెద్దదో చూస్తేగానీ తెలీదు. పెమ్మసాని నాయకుల పేర్లు చరిత్రలో ఉన్నాయి, మంచిదే. ఈ గింజ పండించి మోసినోళ్ళ పేర్లు ఏ రాతి మీద వెతకాల? బావి నుంచి చేనికి నీళ్ళు పారాలంటే కపిల బాన కావాల. బాన అంటే తోలు. తోలు అంటే మాదిగోడి చెయ్యి. ఆ చేతితో తోడిన నీళ్ళు పైరుకు పనికొచ్చినాయి, గుడికి మాత్రం ఆ చెయ్యి మైల.

తిరిగొచ్చేటప్పుడు పిల్లోళ్ళకు ఒక పని చెప్పినా. మీ అవ్వను అడగండి: మీ ఊరి గుడి లోపలికి మొదటిసారి ఎప్పుడు పోయినావు? ఎవరు పిలిచినారు? ఏడుగురు రాసి పంపినారు. నాలుగింటిలో "ఇంకా పోలేదు" అనే ఉంది. వాళ్ళ మాటల్లోనే వచ్చే భాగంలో పెడతా.

జై భీమ్.