మా అత్తగారు చూచిన నాటకశాల

మా అత్తగారు 1955వ సంవత్సరమున క్రొత్త కోడలై గుంటూరు సీమనుండి బొంబాయి చేరిరి. గిరగాము పేటలో రెండు గదుల కాపురము. ఆ యింటికి పది నిమిషముల నడకలో రాయల్ ఒపేరా హౌసను నాటకశాల కలదు. కూరల సంచితో ఆ శాల ముందునుండి వారు లెక్కలేనన్ని మారులు నడచిరి గాని, లోపల అడుగు పెట్టి యెరుగరు. ఈ మాటకు సోదరీమణు లాశ్చర్యపడరని మాకు తెలియును. దినమును చూచుచు దాటిపోవు తలుపు మనలో ననేకులకు ఒక్కటైనను ఉండును గదా!

మామగారు మాత్రము వెళ్ళెడివారు. ఆ కాలమున పృథ్వీరాజ్ కపూరుగారు తమ పృథ్వీ థియేటర్సు సమాజముతో అచ్చట నాటకము లాడుచుండిరి. ఆట ముగిసిన పిదప ఆయన ద్వారముకడ తలవంచి జోలె పట్టి నిలుచుండెడివారనియు, ప్రేక్షకులు తమకు తోచినంత అందులో వేసి పోవుచుండిరనియు మామగారు వచ్చి చెప్పగా, అత్తగారు పొయ్యియొద్ద కూర్చుండి వినెడివారు. “ఈ మారు నిన్నును తీసికొనిపోయెదను” అని ఆయన యనుట, ఆ నాటికి పసిపిల్లకు జ్వరమో, ఊరినుండి చుట్టములో వచ్చుట – ఇది పరిపాటి. 1960లో ఆ సమాజము మూతపడెను. తరువాత ఆ శాలలో సినిమాలే ప్రధానమాయెను. చూచినచో నాటకమే చూడవలెనని అత్తగారి పట్టుదల.

ఒపేరా యనగా పాటలతో నడచు పాశ్చాత్య నాటకము. ఒక విధముగా మన యక్షగానమునకు దూరపు చుట్టము. కలకత్తాలో వినోదప్రదర్శనలు నడపిన మారిస్ బాండ్మన్ అను నాతడును, బొంబాయి వర్తకుడైన జహంగీర్ ఫ్రామ్‌జీ కరకా అను పారసీకుడును ఈ శాలను తలపెట్టిరి. పని పూర్తి కాకమునుపే, 1911లో ఐదవ జార్జి చక్రవర్తి దానిని ప్రారంభించెను. దొరలకొరకు వెలసినను, త్వరలోనే అది మనవారి సంగీత నాటకములతో మారుమ్రోగెను. మహారాష్ట్రులు పూజించు బాలగంధర్వుడు అచ్చట పాడెను. ఆయన పురుషుడయ్యు స్త్రీపాత్రలు ధరించి, మన స్థానం నరసింహారావుగారివలె చూపరులను మురిపించినవాడు. 1885లో పుట్టిన మన సురభి కుటుంబములందు ఆడువారే ఆడువేషములు కట్టిరి గాని, పెక్కు తావుల గృహిణులకు రంగస్థలము పరాయిదే.

1952లో గోండల్ రాజవంశమువారు ఆ శాలను కొనిరి. రాబడి తగ్గి, 1993లో తలుపులు మూతపడెను. ఇరువదిమూడేండ్లు అది దుమ్ము కొట్టుకొని నిలిచెను. “ఇల్లయినను శాలయైనను మనుష్యులు మసలకున్న కూలిపోవును” అని అత్తగారు ఆ వైపు చూచినప్పుడెల్ల ననుచుండిరి.

అయితే అది కూలిపోలేదు. గోండల్ వంశమువారే దానిని బాగుచేయింప బూనిరి. ఆ పని నడపినది ఆభా నారాయణ్ లాంబా అను శిల్పిని – స్త్రీ యని మేము సంతోషముతో వ్రాయుచున్నాము. పాత ఛాయాచిత్రములు వెదకి, రంగుల పొరలు గీకి అడుగున నున్న తొలి వర్ణము కనుగొని, పనివారు ఓర్పుతో శాలకు పూర్వపు రూపు తెచ్చిరి. 2016 అక్టోబరులో తలుపులు తెరువబడెను. మరుసటి యేడు యునెస్కోవారి గౌరవపురస్కారమును లభించెను. ఇప్పుడచ్చట సంగీతము, నాటకము, నృత్యము, హాస్యప్రసంగములు – అన్నిటికిని చోటు కలదు.

2017లో మా యింట నొక చిక్కు వచ్చెను. మా అమ్మాయి కళాశాల నాటకమున వేషము కట్టెదనని కాగితము తెచ్చి సంతకము కోరెను. చదువు చెడునని మా వారును, నలుగురి నోళ్ళకు జంకి మేమును వెనుదీసితిమి. పిల్ల అలిగి అన్నము మానెను. అత్తగారు ఏమియు ననలేదు. ఆ వారమే ఒపేరా శాలలో మరాఠీ సంగీత నాటకమున్నదని తెలిసి, “నన్ను తీసికొనిపోదురా?” అని మాత్ర మడిగిరి. వారి కప్పుడు ఎనుబదియేండ్లు.

ముగ్గురమును వెళ్ళితిమి. ససూన్ కుటుంబమువా రొసగిన దీపగుచ్ఛముల వెలుగులో, కవులను నాటకకర్తలను స్మరించుచు ఎనిమిది భాగములుగా తీర్చిన గుమ్మటపు లోకప్పును అత్తగారు చాలసేపు తలయెత్తి చూచిరి. తెర లేచెను. ఒకప్పుడు పురుషులు కట్టిన నాయికావేషమును ఒక యువతి ధరించి గొంతెత్తి పాడెను. అత్తగారి చేయి మనుమరాలి చేతిపై నుండెను.

బయటికి వచ్చునప్పుడు వారు ద్వారముకడ ఆగి, అటునిటు చూచి, కొంగుముడి విప్పిరి. అందులో ఏబది రూపాయల నోటు.

“జోలె పట్టువారు లేరా, అమ్మాయీ?”

“టిక్కెట్టు ముందే కొంటిమి గదా, అత్తయ్యా!” అంటిమి.

వారు నోటును మరల ముడివేయలేదు. మనుమరాలి చేతిలో పెట్టి, “ఇది నీ నాటకమునకు. ముందు వరుసలో నాకొక కుర్చీ ఉంచుము” అనిరి.

మాకు నోట మాట రాలేదు. మరునాడు ఆ కాగితముపై మేమే సంతకము చేసితిమి. మా వారును కాదనలేదు.

సోదరీమణులారా! పాతశాలకు పూతలు పూయుటకు ధనవంతులును నిపుణులును కావలెను. దానిని బ్రతికించుటకు మాత్రము మనము వెళ్ళి కూర్చుండవలెను; మన పిల్లలు వేదిక యెక్కవలెను. మీ యూర నట్టి తలుపొకటి తెరిచియున్నచో, అరువదియేండ్లు ఆగవలదు.