వెరోనా కొండల్లో రెండు వైన్లు

ఇటలీలో వెరోనా నగరానికి ఉత్తరాన వాల్పోలిచెల్లా అనే కొండప్రాంతం ఉంది. ఎటు చూసినా ద్రాక్షతోటలు, నడుమ రాతిగోడలు, చెర్రీ చెట్లు. ఇక్కడ కోర్వీనా, రొండినెల్లా ద్రాక్షలతోనే రెండు రకాల ఎర్ర వైన్ చేస్తారు.

ఆ ప్రాంతం పేరే పెట్టుకున్న వాల్పోలిచెల్లా తేలికది. పండు కోసిన వెంటనే చిదిమి పులియబెడతారు. ఆల్కహాలు నూటికి 11, 12 పాళ్ళు.

రెండవది అమరోనే. కోసిన గుత్తులను గాలి ఆడే అటకల మీద మూడు నాలుగు నెలలు ఆరబెడతారు. మన వరుగుల్లాగే, కాకపోతే ఎండలో కాదు, నీడన. పూర్వం వెదురు తడికల మీద పరిచేవారు. నీరు ఇగిరి బరువు మూడోవంతు దాకా తగ్గుతుంది, తీపి చిక్కబడుతుంది. ఆ తీపి దాదాపు అంతా పులిసి ఆల్కహాలైపోతుంది కనుక 15, 16 పాళ్ళకు చేరుతుంది. "అమరో" అంటే చేదు.

150 మిల్లీలీటర్ల గ్లాసులో 12 పాళ్ళ వైన్ అయితే 14 గ్రాముల ఆల్కహాలు, 16 పాళ్ళదైతే 19. గ్లాసు చూస్తే తేడా తెలియదు, సీసా మీది అంకె చూడాలి. ఎర్ర వైన్ గుండెకు మేలటగా అంటారా? ఏ మోతాదూ క్షేమం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది.

తియ్యగా లేదు గదా అని చక్కెర వ్యాధి ఉన్నవారు ధైర్యపడతారు. ఇన్సులిన్ తీసుకునేవారు ఖాళీ కడుపున తాగితే, కొన్ని గంటల తర్వాత కూడా రక్తంలో చక్కెర పడిపోవచ్చు. చెమటలు, తడబాటు చూసి పక్కవారు మత్తనుకుంటారు. మనిషి స్పృహలో ఉంటే వెంటనే పంచదార నీళ్ళు పట్టాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకుపోవాలి.