అన్నీ తాబేళ్ళే కదా!

బ్రిస్బేన్‌కి ఆన్‌సైట్ వచ్చిన మనవాళ్ళు వీకెండ్ వస్తే బీచో, క్రికెట్టో అంటారు. నేను మాత్రం వాగు ఒడ్డున నిలబడి తాబేళ్ళ మెడలు చూస్తుంటా. "అన్నీ తాబేళ్ళే కదరా, మళ్ళీ రకాలెందుకు?" అని మా రూమ్మేట్ వెక్కిరింపు. వాడికి నోటితో చెప్తే వినడు కాబట్టి ఈ టపా.

మన ఊరి చెరువు తాబేలు భయపడితే తలని నేరుగా వెనక్కి, డిప్పలోకి లాక్కుంటుంది. ఇక్కడి తాబేలుకి అది చేతకాదు. బస్సులో కునికేవాడు భుజం మీదకి తల వాల్చినట్టు, మెడని పక్కకి మడిచి పైడిప్ప అంచు కింద దాచుకుంటుంది. అందుకే వీటిని పక్కమెడ తాబేళ్ళు అనుకుందాం. ఇవి ఎక్కువగా దక్షిణ అమెరికా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా వైపు ఉంటాయి. మన దేశంలో ఇప్పుడు లేవు గానీ ఒకప్పుడు ఉండేవి. తమిళనాడులోని కల్లమేడు దగ్గర దొరికిన, డైనోసార్ల కాలం నాటి పక్కమెడ తాబేలు శిలాజానికి 2001లో 'కూర్మాడెమిస్' అని పేరు పెట్టారు. అవును, మన కూర్మమే :)

గుర్తుపట్టడం అంటే వరసగా నాలుగు ఇఫ్-ఎల్స్‌లు, అంతే. తల ఎటు పోయింది? నేరుగా లోపలికి పోయి, కంటి వెనక ఎర్ర చార కూడా ఉంటే అది అమెరికా నుంచి దిగిన రెడ్ ఇయర్డ్ స్లైడర్. క్వీన్స్‌లాండ్‌లో దాన్ని పెంచడం నిషేధం. తల పక్కకి పోయిందా? అయితే మెడ పొడవు చూడాలి. పాములా పొడుగ్గా ఉండి, ముందుకాలికి నాలుగు గోళ్ళుంటే పొడుగుమెడ జాతి. మెడ పొట్టిగా ఉండి అయిదు గోళ్ళుంటే పొట్టిమెడవి. వాటిలో నోటి మూల నుంచి మెడ మీదకి లేత పసుపు చార ఉన్నది మెక్వారీ తాబేలు. మెడ నిండా బుడిపెలు, డిప్ప వెనక అంచు రంపంలా ఉంటే సా-షెల్డ్. ఒట్టి డిప్పే దొరికితే తిరగేసి కింది పలకలు లెక్కపెట్టాలి. మామూలు తాబేళ్ళకి సాధారణంగా 12, వీటికి గొంతు దగ్గర మధ్యలో ఇంకోటి కలిపి 13.

ఇదంతా పనిలేని పని అనిపిస్తోందా? మేరీ నది కథ వినండి.

1960లు, 70లలో మెల్‌బోర్న్ పెట్ షాపుల్లో బుల్లి తాబేలు పిల్లల్ని అమ్మేవారు. జాన్ క్యాన్ అనే తాబేళ్ళ నిపుణుడికి అవి తెలిసిన ఏ జాతికీ సరిపోలేదు. ఏ నదివో చెప్పమంటే అమ్మేవాళ్ళు చెప్పలేదు. ఆయన ఇరవై ఏళ్ళకి పైగా వెతికాడు. చివరికి 1990లో, బ్రిస్బేన్‌కి ఉత్తరాన జింపీ మీదుగా పారే మేరీ నదిలో దొరికింది. పొట్టి మెడ, లావుపాటి పొడుగు తోక. ఊపిరితిత్తులతో పాటు తోక కిందున్న రంధ్రం ద్వారా కూడా నీళ్ళలోని ఆక్సిజన్ తీసుకుంటుంది. 1994లో క్యాన్, జాన్ లెగ్లర్ కలిసి దానికి 'ఎలూసర్ మాక్రూరస్' అని పేరు పెట్టారు. తప్పించుకు తిరిగే పెద్దతోకది అన్నమాట. నెత్తిన ఆకుపచ్చ జుట్టున్న తాబేలు అని 2018లో నెట్‌లో ఓ ఫొటో తెగ తిరిగింది, అదే ఇది. ఆ జుట్టు నిజానికి నాచు.

2006లో అదే నది మీద ట్రావెస్టన్ క్రాసింగ్ దగ్గర డ్యామ్ కడతామని క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం ప్రకటించింది. 2009లో కేంద్ర పర్యావరణ మంత్రి పీటర్ గారెట్ కుదరదన్నాడు. కారణంగా చూపించిన జీవుల్లో రెండు చేపలతో పాటు ఈ తాబేలు కూడా ఉంది.

ఆ పేరు 1994లో పెట్టి ఉండకపోతే? ఆ ఫైల్లో అది 'ఏదో తాబేలు'. మన ట్రాకర్‌లో 'అదర్స్' కింద పడేసిన టికెట్ సంగతి మీకు తెలుసు కదా, దాన్ని ఎవడూ తెరవడు. చట్టం కూడా అంతే. పేరున్నదాన్ని కాపాడటమే దానికి సులువు.

మన దగ్గర ఈ గొడవ లేదనుకోకండి. హైదరాబాద్ అక్వేరియం షాపుల్లో 'లక్కీ' అని అమ్మే ఆకుపచ్చ బుల్లి తాబేలు చాలాసార్లు ఆ స్లైడరే. మీ ఇంట్లో తొట్టిలో ఒకటుంటే కంటి వెనక చూడండి. ఎర్ర చార కనిపిస్తే, పెద్దదైపోయింది కదా అని పుణ్యానికి చెరువులో వదిలెయ్యకండి. అక్కడ మన తాబేళ్ళ తిండీ, ఎండ కాచుకునే చోటూ అది లాగేసుకుంటుంది.