చక్రవర్తుల్ని మోసినవాళ్లు

పోయేనాడు మొయ్యడానికి నలుగురిని సంపాదించుకోవాలని మన పెద్దవాళ్లు అంటారు కదండీ. తొలినాటి రోమన్ చక్రవర్తుల గురించి చదివినప్పుడల్లా నా మనసు ఆ మాట దగ్గరికే పోతుంది. ఎవరు పొడిచారు, ఎవరు విషం పెట్టారు అన్నది అందరూ చెప్పుకునేదే. ప్రాణం పోయాక ఆ శవం దగ్గరికి ఎవరొచ్చారో చూడండి, చరిత్రలో పెద్దగా వినపడని పేర్లు కొన్ని అక్కడ తగులుతాయి.

మొదటివాడైన అగస్టస్‌కు ఆ లోటు లేదు. క్రీ.శ. 14 ఆగస్టు 19న నోలా పట్టణంలో, 75 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ఎండలు మండిపోయే రోజులు. అందుకని ఊరూరి పెద్దలు శవాన్ని రాత్రిళ్లు మోసుకొస్తూ, పగలు దారిలోని గుళ్లలో దించి ఉంచుతూ రోము దగ్గరి దాకా చేర్చారు. నగరంలో సెనెటర్లే భుజాలిచ్చారు. చితి చల్లారాక పెద్ద కుటుంబాల మగవాళ్లు వట్టికాళ్లతో వచ్చి అస్థికలు ఏరారు. ఆ తర్వాతివాడు టైబీరియస్ 37లో పోయినప్పుడు మాత్రం రోము జనం వీధుల్లోకొచ్చి, శవాన్ని టైబర్ నదిలో పారెయ్యమని అరిచారు. చివరికి సైనికులే మోసుకొచ్చి దహనం చేశారు. అన్నట్టు, వీళ్లిద్దరి ముఖాలూ మన నేలకి కొత్తవి కావు. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో దొరికిన వెండి నాణేల మీద వీళ్లూ ఉన్నారు.

ఇక టైబీరియస్ తర్వాతి చక్రవర్తి కలిగులా. కాషియస్ కైరియా అనే అంగరక్షక దళాధికారి రోజూ సంకేతపదం కోసం వస్తే, అతన్ని ఆడంగివాడని వెక్కిరించే మాటలే ఇచ్చేవాడట. 41 జనవరి 24న పాలటైన్ కొండ మీద ఆటలు చూసి వస్తుండగా, ఇరుకైన నడవలో ఆ కైరియాయే కత్తి దూశాడు. చక్రవర్తి వయసు 28. భార్యనీ, పసికూతుర్నీ కూడా వదల్లేదు. శవాన్ని ఎవరో గుట్టుగా ఓ తోటలోకి చేర్చి, సగం కాల్చి, పైన పచ్చిక పెళ్లలు కప్పేశారు. తోట కాపలావాళ్లని దయ్యాలు పీడించాయని రోమన్ రచయిత స్యుటోనియస్ రాశాడు. ఆ తర్వాత వచ్చింది ఎవరనుకున్నారు? చెల్లెళ్లు. రెండేళ్ల కిందట ఇదే అన్న తమను దీవులకు వెళ్లగొట్టాడు. చెర వీడి తిరిగొచ్చిన ఆ ఆడవాళ్లు, గొయ్యి తవ్వించి, శవాన్ని మళ్లీ సక్రమంగా కాల్చి, బూడిదను సమాధికి చేర్చారు. వాళ్లలో ఒకామె అగ్రిప్పీనా, నీరో తల్లి. ఆమెను మంచిదని ఎవరూ అనరు, నేనూ అనను. కానీ ఈ ఒక్క పని ముందు నేను తల వంచుతాను.

అదే రోజు రాజభవనంలో ఇంకొకటి జరిగింది. కలిగులా పినతండ్రి క్లాడియస్ భయపడి ఓ తెర వెనక దాక్కున్నాడు. తెర కింద కాళ్లు కనిపిస్తే ఓ మామూలు సైనికుడు బయటికి లాగాడు. చంపుతారేమోనని కాళ్ల మీద పడ్డ ఆ యాభై ఏళ్ల మనిషిని సైనికులు చక్రవర్తీ అని పిలిచి, పల్లకీలో తమ శిబిరానికి మోసుకుపోయారు. అతను ఒక్కొక్కరికీ 15,000 సెస్టర్సులు ఇస్తానని మాటిచ్చాడు. సెనెట్ ఇంకా చర్చల్లో ఉండగానే విషయం తేలిపోయింది. ఎవరి తర్వాత ఎవరు అన్నదానికి రోములో రాసిపెట్టిన కట్టడి ఏదీ లేదు, ఉన్నదల్లా వాకిట్లో నిలబడ్డ కత్తులు. తర్వాతి యాభై ఏళ్ల నెత్తురుకి మూలం నాకు ఆ తెర దగ్గరే కనిపిస్తుంది. 54లో క్లాడియస్ పోయాడు. పుట్టగొడుగుల్లో విషం పెట్టించింది అప్పటికి అతని భార్య అయిన ఆ అగ్రిప్పీనాయే అని అప్పటివాళ్ల నమ్మకం. అగస్టస్‌కి జరిగినట్టే ఆయనకీ ఘనంగా అంత్యక్రియలు జరిపించిందీ ఆమే.

ఐదేళ్లకి ఆమెనే, చక్రవర్తి అయిన కొడుకు నీరో చంపించాడు. అదే రాత్రి, భోజనం చేసే మంచం మీదే పెట్టి తగలేశారు. కొడుకు బతికున్నంతకాలం గోరీ అయినా లేదు. ఆమె విడిపించిన బానిస ఒకడు, మ్నెస్టర్ అని, ఆ చితి దగ్గరే కత్తితో పొడుచుకున్నాడు. ప్రేమతోనో, తన గతి ఏమవుతుందోనన్న భయంతోనో తెలియదంటాడు చరిత్రకారుడు టాసిటస్. తర్వాత ఇంటి పనివాళ్లే మిసీనం బాట పక్కన చిన్న సమాధి కట్టారు.

నీరో వంతు 68 జూన్‌లో వచ్చింది. అంగరక్షకులు విడిచిపోయారు, సెనెట్ శత్రువని తీర్మానించింది. నగరానికి నాలుగు మైళ్ల దూరంలో ఓ సేవకుడి ఇంట్లో, ఎపాఫ్రొడిటస్ అనే కార్యదర్శి చెయ్యి సాయం చేస్తే, గొంతులో కత్తి దించుకున్నాడు. ముప్ఫై ఏళ్లు. తన తలను ఎవరి చేతుల్లోనూ పడనివ్వొద్దని, ఎలాగైనా పూర్తిగా కాల్చమని తోడున్నవాళ్లని బతిమాలుకున్నాడు. ఇగ్లోగీ, అలెగ్జాండ్రియా అనే ఇద్దరు దాదులు, ఎప్పుడో దూరమైన ప్రియురాలు అక్టే కలిసి అస్థికల్ని తండ్రి వంశంవాళ్ల సమాధిలో ఉంచారు. అక్టే ఒకప్పుడు బానిస. నీరో పేరు చెబితే అందరికీ తగలబడుతున్న రోము గుర్తొస్తుంది. నాకు మాత్రం ఆ ముగ్గురు ఆడవాళ్లు గుర్తొస్తారు.

తల గురించి నీరో భయపడ్డాడంటే ఊరికే కాదు. మరుసటి జనవరిలోనే, నీరో తర్వాత గద్దెనెక్కి, సైనికులకు సొమ్ము ఇవ్వనన్న ముసలి గాల్బాని ఫోరం నడిబొడ్డున నరికి, తల తీసుకుపోయారు. అతను వారసుడిగా ఎంచుకున్న యువకుడు పైసోని కూడా చంపారు. హంతకులు తలల్ని అమ్మకానికి దాచారు. పైసో తలను భార్య వెరేనియా డబ్బిచ్చి తెచ్చుకుంది! ఒక్కసారి ఆలోచించండి, ఆవిడ ఎవరి ముందు నిలబడి, ఏమని బేరమాడిందో. గాల్బా కళేబరాన్ని ఆర్గియస్ అనే ఇంటి లెక్కలు చూసే మనిషి రాత్రిపూట తోటలో పాతాడు. ఆ ఏడాదే, వరసగా గద్దెనెక్కిన ఇద్దరిలో ఒథో తనంతట తాను పొడుచుకున్నాడు, విటెల్లియస్‌ని కొక్కెంతో ఈడ్చి నదిలో పారేశారు.

కొన్నేళ్ల తర్వాత చక్రవర్తి అయిన డొమీషియన్ దగ్గర ఈ దారాలన్నీ ముడిపడతాయి. ఇంటివాళ్లే తన మీదికి వస్తారని అతనికి నిలువెల్లా భయం. యజమాని చావులో చెయ్యి కలపకూడదని తన వాళ్లకు బుద్ధి చెప్పడానికి, నీరోకి సాయపడ్డ ఎపాఫ్రొడిటస్‌ని ఇరవై ఏడేళ్ల తర్వాత పట్టుకుని చంపించాడు. అంత చేసినా, 96 సెప్టెంబరు 18న ఇంటి మనుషులే పడకగదిలో పొడిచారు. సెనెటర్లు నిచ్చెనలు తెప్పించి అతని బొమ్మల్ని నేలకేసి కొట్టించారు, పేరు ఎక్కడుంటే అక్కడ చెరిపించమన్నారు. శవాన్ని అనాథ పీనుగులకు వాడే పాడె మీద కూలివాళ్లు మోసుకుపోయారు. దాన్ని లాటిన్ బాట పక్కన తన స్థలంలో దహనం చేసినామె ఫిలిస్, అతని దాది. ఆ బూడిదను గుట్టుగా అతని వంశమైన ఫ్లేవియన్ల గుడికి తీసుకెళ్లి, అన్న కూతురు జూలియా అస్థికల్లో కలిపేసింది. జూలియాను పెంచింది కూడా ఆమే. అప్పటికే జూలియాను దేవతగా ప్రకటించారు. దేవత అస్థికల జోలికి సెనెట్ రాదని ఫిలిస్ ముందే ఆలోచించిందనే నా నమ్మకం.